బస్తరు చరిత్రలో బడి

దేశచరిత్రలు సాధారణముగ పట్టాభిషేకములతో, యుద్ధములతో, సంధిపత్రములతో నిండియుండును. ఆ ఘట్టముల నడుమ సామాన్య మానవుడు ఎట్లు బ్రతికెను, ఏమి కోరెను, దేనికి వెరచెను అను విషయములు పుటల అంచులయందే కనబడును. అట్టి విషయములలో ఒకటి బస్తరునందలి బడి. 1910వ సంవత్సరమున బస్తరు ప్రజలు తిరుగబడినప్పుడు పోలీసు ఠాణాలతో పాటు బడులను కూడ తగులబెట్టిరి. సుమారు నూరు సంవత్సరముల పిదప, 2005 మొదలుకొని చెలరేగిన యుద్ధమున, అదే సీమలో బడి కట్టడములు మరల కూలినవి. రెండు పర్యాయములును దూరమున నున్న నాగరకులకు తోచిన వ్యాఖ్య ఒక్కటే: అడవి జనులకు చదువు గిట్టదు. ఈ వ్యాఖ్య ఎంతవరకు సత్యమో పరీక్షింపదగియున్నది. ఏలయన, బడిని కాల్చినవాని మనస్సు తెలియనిదే బడి కట్టదలచినవాని కర్తవ్యము కూడ తెలియదు.

ఈ పరీక్షకు ఒక కొలమానము కావలెను. ఎం. ఎన్. రాయ్ 1947లో నవ్య మానవవాద ప్రణాళికను ప్రకటించుచు, జాతియు వర్గమును గాక వ్యక్తియే సమాజమునకు ప్రమాణమని ప్రతిపాదించెను. ఆంధ్రదేశమునను ఆ భావములను స్వీకరించినవారు పెక్కుమంది యుండిరి. ఆ సిద్ధాంతమునందలి తక్కిన భాగములతో ఏకీభవింపనివారు కూడ దానిలోని మూలసూత్రమును కాదనజాలరు: ఎంత గొప్ప ఆశయమునకైనను మనుష్యుని పనిముట్టుగా వాడరాదు. బస్తరు చరిత్రను ఈ సూత్రముతో చూచినచో రాజు, దివాను, గుత్తదారు, ప్రభుత్వము, విప్లవకారుడు అందరును ఒకే ప్రశ్నకు సమాధానము చెప్పవలసినవారగుదురు.

బస్తరు తెలుగువారికి పొరుగు సీమ. ఇంద్రావతీనది ఒడిస్సాలోని కలహండి కొండలలో పుట్టి ఈ సీమ గుండ పడమరకు పారి తుదకు గోదావరిలో కలియును. శబరి దాని తూర్పు అంచున పారి కూనవరముకడ గోదావరిని చేరును. 1948లో బస్తరు, కాంకేరు సంస్థానములు కలిసి ఒక జిల్లాగా ఏర్పడినప్పుడు దాని వైశాల్యము 39,000 చదరపు కిలోమీటర్లు దాటెను. కేరళ రాష్ట్రముకంటె అది పెద్దది. నేడది ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములో ఏడు జిల్లాలుగా విభక్తమై యున్నది. అందు గోండులు, మురియాలు, మాడియాలు, హల్బాలు, ధుర్వాలు, భత్రాలు, దోర్లాలు నివసింతురు. గోండీ, ధుర్వా, దోర్లీ ద్రావిడ భాషలు. గోండీలో కంటిని కన్ అనియు, చేతిని కై అనియు, మూడును మూంద్ అనియు, నాలుగును నాలుంగ్ అనియు అందురు. తెలుగువాని చెవికి ఈ మాటలు కొత్తవి కావు. కోంటా ప్రాంతపు దోర్లాలకు భద్రాచల ప్రాంతపు కోయలు జ్ఞాతులే.

శాసనములు కూడ ఈ సామీప్యమును చాటుచున్నవి. కాకతీయులకు పూర్వము ఈ సీమను ఏలిన ఛిందక నాగవంశీయుల కాలమున తెలుగు శాసనములు వెలసినవి. బారసూరులో దొరకిన 1060వ సంవత్సరపు తెలుగు శాసనము, ధారావర్ష జగదేకభూషణుని సామంతుడైన చంద్రాదిత్యుడు ఆలయమును, తటాకమును నిర్మింపజేసిన సంగతి తెలుపుచున్నది. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఇంద్రావతీ తీరమునకు తరలివచ్చి రాజ్యము స్థాపించెనని బస్తరు రాజవంశపు సంప్రదాయము. దిక్పాలదేవుడు 1703లో దంతేవాడలో వేయించిన శాసనము ఈ వంశక్రమమునే చెప్పుకొనుచున్నది.

ఆ దంతేవాడ శాసనములో ఒక విశేషము కలదు. ఒక శిలపై సంస్కృతమున ప్రశస్తి చెక్కించి, రెండవ శిలపై అదే విషయమును దేశభాషలో చెక్కించిరి. కలియుగమున సంస్కృతము చదువగలవారు కొద్దిమందియే యుందురు గనుక భాషలో కూడ వ్రాయించుచున్నామని అందు కారణము చెప్పబడినది. చదువరికి తెలియు భాషలో వ్రాయవలెనను ఎరుక ఆ రాజునకు ఉండుట ప్రశంసనీయము. కాని ఆ రెండవ భాష ఉత్తరదేశమునుండి వచ్చిన పండితుల భాష. దంతేవాడ చుట్టును ఉన్న మాడియాలు మాటలాడు గోండీ కాదు. బారసూరు శాసనమునందు తెలుగు, దంతేవాడ శిలలయందు సంస్కృతము, హిందీ. ఆరు శతాబ్దముల అంతరములో మూడు భాషలు శిలకెక్కెను గాని నాగలి పట్టిన చేతుల భాష ఎక్కలేదు. బస్తరునందు అక్షరము మొదటినుండియు ప్రభువుల సొత్తుగా కనబడుటకు ఇదియే ఆరంభము.

ఐనను రాజునకును ప్రజకును సంబంధము లేకుండెనని చెప్పరాదు. ఆ సంబంధము అక్షరముచే గాక మతముచే ఏర్పడినది. దంతేశ్వరీదేవి రాజుల కులదేవత. రాజు ఆమెకు ప్రధాన పూజారి. జగదల్‌పూరునందు దసరా ఉత్సవము 75 దినములు సాగును. ఆ పండుగకు మిర్గాన్ కులపు బాలిక కాఛిన్ దేవి ఆవేశముతో ముళ్ళ ఊయెలపై పరుండి అనుజ్ఞ ఇయ్యవలెను. అట్లు ఇయ్యనిదే రాజు ఉత్సవము నారంభింపరాదు. రథమునకు కొయ్య తెచ్చువారొకరు, దానిని చెక్కువారొకరు, త్రాళ్ళు పేనువారొకరు, లాగువారు మరియొకరు. ఈ విధముగ ప్రతి ఊరును ఉత్సవములో తన వంతు కర్తవ్యమును, తన వంతు గౌరవమును కలిగియుండెను. తక్కువ కులపు బాలిక అనుమతికై రాజు తల వంచి నిలుచుట, ప్రజల సమ్మతి లేనిదే పాలన చెల్లదను భావమునకు మతరూపమని గ్రహింపవచ్చును.

కాని మతమును కేవలము ఈ మధురమైన వైపునుండియే చూచుట న్యాయము కాదు. 19వ శతాబ్దమున దంతేశ్వరీ ఆలయమున నరబలులు జరుగుచున్నవను ఆరోపణ వచ్చెను. 1842 ప్రాంతమున నాగపూరు ప్రభుత్వము ఆలయమునకు కావలి పెట్టెను. బ్రిటిషు అధికారులు విచారణలు సాగించిరి. ఆరోపణలో సత్యమెంతయో అతిశయోక్తి యెంతయో అను వాదము అట్లుండనిండు. ప్రాణరక్షణకై ప్రభుత్వము కల్పించుకొనుట సర్వవిధముల సమంజసమే. అయితే బలిపీఠముపై పోవు ఒక్క ప్రాణమునకై కలవరపడిన ఆ ప్రభుత్వమే, వెట్టిచాకిరిలో అణగారిన వేల ప్రాణులను లెక్కలోనికి తీసికొనలేదు. కరుణ ఒక చోట మేల్కొని మరియొక చోట నిద్రించినచో ప్రజలు దానిని కరుణగా గుర్తింపరు. కొత్త అధికారముగనే గుర్తింతురు.

రాజకీయ పరిణామములు ఈ గుర్తింపును బలపరచినవి. 1778లో కోట్‌పాడ్ సంధితో బస్తరు రాజు దరియావదేవుడు మరాఠాల ఆధిక్యమును అంగీకరించెను. 1853లో నాగపూరు రాజ్యము కంపెనీవారి వశమైనప్పుడు బస్తరు కూడ వారి ఛాయలోనికి వచ్చెను. 1859లో దక్షిణ బస్తరునందలి భోపాలపట్నము, కోటపల్లి, చింతల్నారు మున్నగు జమీందారీలలోని కోయలు, దోర్లాలు తమ అడవులను నరకవచ్చిన గుత్తదారుల మనుష్యుల నెదిరించిరి. ఒక చెట్టు పడినచో ఒక తల పడునని వారు ప్రతిజ్ఞ చేసిరని నేటికిని జనులు చెప్పుకొందురు. తుదకు ప్రభుత్వము గుత్త పద్ధతిని విరమింపవలసి వచ్చెను.

1876 నాటి మురియాల తిరుగుబాటు మరింత బోధకరము. దివాను గోపీనాథ్ కపర్దాస్ దుష్పాలనపై జనులకు ఫిర్యాదులుండెను. రాజు భైరమదేవుడు ఇంగ్లండు యువరాజును దర్శించుటకై బొంబాయికి పయనమైనప్పుడు, అతడు లేనిచో దివానునకు అడ్డుండదని భయపడి ప్రజలు మారెంగా గ్రామముకడ అతనిని అడ్డగించిరి. రాజభటులు కాల్పులు జరుపగా వేలకొలది జనులు జగదల్‌పూరును ముట్టడించిరి. బ్రిటిషు అధికారులు సైన్యముతో వచ్చిరి. కాని ఈ పర్యాయము వారు ముందు ప్రజల మొరలను వినిరి. దివాను తొలగింపబడెను. జనులు ఇండ్లకు మరలిరి. నాటినుండి దసరా చివర మురియా దర్బారు జరుపు ఆచారము నెలకొన్నది. అందు గ్రామ పెద్దలు తమ కష్టసుఖములను పాలకునకు విన్నవింతురు. వినిపించుకొన్న చోట ముట్టడి సమసినదను ఈ నిదర్శనము తరువాతి కథకు కీలకమైనది.

బడి ఈ సీమలో విస్తరించినది 20వ శతాబ్దారంభమున. రాజు రుద్రప్రతాపదేవుని కాలమున దివాను పండా బైజనాథ్ పాలనను కొత్త పద్ధతులలో తీర్చదలచెను. బాటలు వేయించెను, బడులు పెట్టించెను, అడవులను రిజర్వు చేయుటకు పూనుకొనెను. సంస్థానపు అడవిలో సుమారు మూడింట రెండు వంతులు రిజర్వు చేయవలెనని 1905లో సంకల్పము జరిగెను. ఆ హద్దులలోని గ్రామములు ఖాళీ చేయవలసి వచ్చెను. పోడు వ్యవసాయమునకు నిషేధము కలిగెను. పుల్ల విరిచినను, విప్పపూవు ఏరినను నేరమయ్యెను. బాటలు వేసినది వెట్టి మనుష్యులు. బడి కట్టినదియు వారే. ఊరికి వచ్చిన ఉపాధ్యాయునకును, పోలీసువానికిని ధాన్యము, కోళ్ళు ఉచితముగ ఇయ్యవలసినవారును వారే. పొలములో, పశువుల వెంట చేదోడుగా నుండు పిల్లలను బడికి పంపుమని ఒత్తిడి చేసినప్పుడు, ఆ పిల్లల కక్కడ నేర్పినది వారి ఇంటి భాష కాదు. పండా బైజనాథునకు విద్యపై గల శ్రద్ధ కపటమని చెప్పుటకు ఆధారము లేదు. కాని గ్రామస్థుని దృష్టిలో ఠాణా, అటవీ కచేరి, బడి అను మూడును ఒకే చేతి వ్రేళ్ళు.

1910 ఫిబ్రవరిలో ఆ చేతిపై ప్రజలు తిరుగబడిరి. మామిడి కొమ్మలు, ఎండు మిరపకాయలు, మట్టిపెళ్ళ, బాణములు ఊరినుండి ఊరికి సంకేతములుగా నడచెను. ఈ తిరుగుబాటును వారు భూంకాల్ అనిరి. నేతానారు గ్రామమునకు చెందిన ధుర్వా నాయకుడు గుండాధూర్, రాజబంధువు లాల్ కాలేంద్రసింహుడు దీనికి ప్రముఖులు. సంతలు దోచబడెను, ధాన్యము పంచబడెను, ఠాణాలు, అటవీ కచేరీలు, బడులు కాలెను. బయటినుండి సైన్యములు వచ్చి దీనిని అణచివేసెను. గ్రామస్థులకు కొరడా దెబ్బలు, చెరసాలలు ప్రాప్తించెను. గుండాధూర్ మాత్రము ఎవ్వరికిని చిక్కలేదు. అణచివేత ముగిసిన పిమ్మట ప్రభుత్వము రిజర్వు చేయదలచిన అడవి విస్తీర్ణమును దాదాపు సగమునకు తగ్గించెను. తిరుగుబాటునకు కారణము అజ్ఞానము గాక అన్యాయమని పాలకులే క్రియారూపమున ఒప్పుకొన్నట్లయ్యెను.

కావున కాలినది అక్షరము కాదు, వెట్టి. బస్తరు జనులకు విద్యపై ద్వేషము లేదనుటకు మరియొక నిదర్శనము కూడ ఉన్నది. మురియాల గ్రామములలో ఘోటుల్ అను సంస్థ యుండెను. అవివాహితులైన బాలబాలికలు సాయంకాలము అచట చేరి పాటలు, నృత్యములు, కథలు, పనిపాటలు, పెద్దల యెడ మెలగవలసిన రీతి నేర్చుకొనిరి. వెరియర్ ఎల్విన్ 1940 మొదలుగా బస్తరునందు నివసించి పరిశోధించి 1947లో దీనిపై బృహద్గ్రంథము ప్రకటించెను. ఘోటుల్ స్వర్గధామమని వర్ణింపనక్కరలేదు; దాని లోపములు దానికుండెను. కాని అది ఊరిది. ఊరివారే కట్టినది, ఊరి భాషలో నడచినది. బడికి లేనిది అదియే. ఎల్విన్ 1943లో మాడియాల నేరములను గూర్చి వ్రాసిన గ్రంథమున నూరు హత్య కేసులను పరిశీలించి, ప్రతి కేసు వెనుక ఉన్న దుఃఖమును, అవమానమును వెదకెను. న్యాయస్థానపు దస్త్రములో నేరస్థుడుగా మాత్రమే కనబడువానిలో మానవుని చూచుట అతని పద్ధతి.

అక్షరమును ఊరికి మరియొక విధముగ తేవచ్చునని చూపిన ప్రయోగము బస్తరులో గాక పొరుగున ఆదిలాబాదులో జరిగెను. దానికి బస్తరుతో ఒక సంబంధము కలదు. 1927 నుండి 1931 వరకు బస్తరు పాలనాధికారిగా పనిచేసి, 1938లో మాడియా గోండులపై గ్రంథము ప్రకటించిన గ్రిగ్సన్, తరువాత నిజాము ప్రభుత్వమున రెవెన్యూ వ్యవహారముల పెద్ద అయ్యెను. అంతకు కొంచెము ముందు, 1940లో, భూమికై పోరాడిన కుమ్రం భీము జోడేఘాటులో తుపాకి గుండ్లకు బలియయ్యెను. ఆ తిరుగుబాటు కారణములను తెలిసికొనుటకు ప్రభుత్వము హైమన్‌డార్ఫ్ పండితుని నియోగించెను. అతడు మార్లవాయి గ్రామమున గోండుల నడుమ నివసించి, 1943లో అచట ఉపాధ్యాయ శిక్షణ కేంద్రమును నెలకొల్పించెను. గోండు యువకులే ఉపాధ్యాయులైరి. నాగరి లిపిలో గోండీ వాచకములు సిద్ధమయ్యెను. బడితో పాటు పట్టాలు కూడ వచ్చెను. భూమి చేతికి వచ్చిన తండ్రి కుమారుని బడికి పంపుటకు వెనుదీయలేదు. ఆ బడులను కాల్చవలెనని ఏ గోండునకును తోచలేదు. ఐనను తరువాతి దశాబ్దములలో గోండీ మాధ్యమము నిలువలేదు. దాని స్థానమున తెలుగు వచ్చి కూర్చుండెను. బస్తరునందు హిందీ చేసిన పనినే ఆదిలాబాదునందు తెలుగు చేసెనని తెలుగువారు ఒప్పుకొనక తప్పదు.

స్వాతంత్ర్యానంతరము బస్తరు కథ మరింత క్లిష్టమయ్యెను. చివరి రాజు ప్రవీరచంద్ర భంజదేవుడు 1948లో తన సంస్థానమును భారతదేశమున విలీనము చేసెను. రాజ్యము పోయినను జనుల దృష్టిలో అతడు దంతేశ్వరి పూజారిగనే నిలిచెను. 1957లో శాసనసభకు ఎన్నికయ్యెను. తరువాత ప్రభుత్వముతో విభేదించెను. 1961లో ప్రభుత్వము అతనిని నిర్బంధించి, అతని రాజగుర్తింపును రద్దు చేసెను. ఆ మార్చి 31న లోహండీగూడలో అతని కొరకు చేరిన జనులపై పోలీసులు కాల్పులు జరిపిరి. 1966 మార్చి 25న జగదల్‌పూరు రాజప్రాసాదముననే పోలీసు కాల్పులలో అతడును, అతని చుట్టు నున్న ఆదివాసులలో పలువురును మరణించిరి. ప్రజాస్వామ్యమునకు మాజీ రాజు దైవత్వము ఇబ్బంది కలిగించుట సహజమే. కాని జనులు అతని చుట్టు గుమిగూడినది పూర్వభక్తి వలన మాత్రమే కాదు. లెవీ ధాన్యము, అడవి హక్కులు మున్నగు మొరలను వినువాడు మరియొకడు వారికి కనబడకపోవుట వలన కూడ. 1876లో విని సమసింపజేసిన దానిని, 1966లో తుపాకితో సమసింపజేయ యత్నించిరి.

ఇంతలో బైలడిల్లా కొండలలోని మేలురకపు ఇనుప ఖనిజము ప్రపంచమును ఆకర్షించెను. 1960లో జపానుతో ఒప్పందము కుదిరెను. కిరందూలునుండి తూర్పుకనుమలను దాటి కొత్తవలస వరకు రైలుమార్గము పడెను. 1968 నుండి గనులలో ఉత్పత్తి సాగి, ఖనిజము విశాఖపట్టణము రేవునుండి ఓడలెక్కెను. ఈ ఇంజనీరింగు విజయము సామాన్యమైనది కాదు. కాని ఆ రైలు నడువనారంభించి నాలుగు దశాబ్దములు గడచిన పిదప, 2011 జనాభా లెక్కలలో దేశపు అక్షరాస్యత సుమారు 73 శాతము కాగా, కిరందూలు ఉన్న దంతేవాడ జిల్లాలో 42 శాతము, దాని పొరుగున బీజాపూరులో 41 శాతము మాత్రమే. కొండ ఇనుము సముద్రము దాటినంత సులువుగ పలకయు బలపమును కొండ ఎక్కలేదు.

ఆ ఎడములోనికి యుద్ధము ప్రవేశించెను. 1980లో తెలుగుదేశపు నక్సలైటు దళములు గోదావరి దాటి బస్తరు అడవులకు పోయినవి. తునికాకు కూలి పెంపు కొరకును, అటవీ ఉద్యోగుల దోపిడికి వ్యతిరేకముగను వారు చేసిన ఆందోళన జనులను ఆకర్షించెననుట సత్యము. వారి తుపాకి న్యాయమునకు బలియైనవారిలో కూడ ఆదివాసులే అధికమనుటయు సత్యమే. 2005 జూనులో వారికి వ్యతిరేకముగ సల్వాజుడుం తలయెత్తెను. ప్రభుత్వము దానికి అండగా నిలిచెను. గ్రామములు ఖాళీ అయ్యెను. కొందరు బాట ప్రక్కల శిబిరములకు చేరిరి. వేలమంది శబరి, గోదావరులు దాటి ఖమ్మము, తూర్పుగోదావరి అడవులకు పారిపోయి వచ్చిరి. భద్రతా బలగములు బడి కట్టడములలో బస చేసినవి. బలగములు బస చేయునని మావోయిస్టులు బడులను ప్రేల్చిరి. ఇరుపక్షములకును బడి ఒక గోడ మాత్రమే. ఒకరికి చాటు, మరియొకరికి గురి. 1910లో బడిని కాల్చినది పీడితులైన గ్రామస్థులు. ఈ పర్యాయము గ్రామస్థుని ఎవ్వరును అడుగలేదు.

2007లో నందినీ సుందర్, రామచంద్ర గుహ, విశాఖపట్టణమునకు చెందిన విశ్రాంత ఐ. ఏ. యస్. అధికారి ఇ. ఎ. ఎస్. శర్మ సర్వోన్నత న్యాయస్థానము నాశ్రయించిరి. 2011 జూలై 5న జస్టిస్ బి. సుదర్శనరెడ్డి, జస్టిస్ ఎస్. ఎస్. నిజ్జర్ తీర్పు వెలువరించిరి. అయిదవ తరగతి చదివిన ఆదివాసి యువకులను నెలకు 3,000 రూపాయల భృతిపై ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి ఆయుధములిచ్చి పోరునకు పంపుట రాజ్యాంగమునందలి సమానత్వ, జీవనహక్కులకు భంగమని ఆ తీర్పు నిర్ణయించెను. ఆ యువకులకు శిక్షాస్మృతి మొదలగు చట్టములన్నిటిని 24 పీరియడ్లలో బోధించుచున్నామని ప్రభుత్వము చెప్పుకొనెను. బడిలో అయిదు తరగతులు మాత్రమే నేర్పగలిగిన ప్రభుత్వము, చంపుటకును చచ్చుటకును చాలినంత చదువు వారికి కలదని తలచుట ఎంత విపరీతము! బడులను, వసతిగృహములను బలగములు ఖాళీ చేయవలెనని కూడ న్యాయస్థానము ఆజ్ఞాపించెను. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము అదే సంవత్సరము సహాయక సాయుధ పోలీసు దళముల చట్టము చేసెను. తీర్పులు వెలువడినంత మాత్రమున లోకము మారదు. ఐనను, ఆదివాసి యువకుడు ఎవ్వరి యుద్ధమునకును పనిముట్టు కారాదను మాట దేశపు అత్యున్నత న్యాయపీఠమునుండి వెలువడుట చరిత్రలో నిలుచు విషయము.

ఆ తీర్పునకు ముందును వెనుకను తెలుగుదేశమున ఇరుపక్షములతో మాటలాడుటకు సాహసించినవారు కొందరుండిరి. ఎస్. ఆర్. శంకరన్ 1997లో ఏర్పడిన పౌరస్పందన వేదికకు నాయకుడై, రాజ్యహింసను, విప్లవహింసను రెంటిని ప్రశ్నించుచు సంవత్సరముల తరబడి సంభాషణకై పాటుపడెను. 2012 ఏప్రిలులో సుక్మా జిల్లా కలెక్టరును మావోయిస్టులు, అతని అంగరక్షకులిద్దరిని చంపి, అపహరించినప్పుడు, మధ్యవర్తులుగా వెళ్ళినవారు ఆచార్య జి. హరగోపాల్, ఒకప్పుడు బస్తరు కలెక్టరుగా పనిచేసిన బి. డి. శర్మ. మే 3న కలెక్టరు క్షేమముగ విడుదలయ్యెను. ఇట్టివారిని ఒక పక్షమువారు రెండవ పక్షపు ఏజెంట్లని నిందించుట పరిపాటి. మానవుని పక్షమున నిలుచువానికి ఈ నింద తప్పదు.

2010 ఏప్రిల్ 6న తాడిమెట్లకడ 76 మంది భద్రతా సిబ్బంది ఒక్క ఉదయమున హతులైరి. 2011 మార్చిలో అదే తాడిమెట్లలోను, పొరుగు గ్రామములలోను ఇండ్లు తగులబడెను. న్యాయస్థానము ఆదేశించిన సి. బి. ఐ. దర్యాప్తు 2016లో ప్రత్యేక పోలీసు అధికారులపై అభియోగములు మోపెను. 2025 మే 21న నారాయణపూరు అడవులలో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ్ల కేశవరావు హతుడయ్యెను. అతడు శ్రీకాకుళము జిల్లావాడు. వరంగల్లు ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలలో చదివినవాడు. ఓరుగల్లునుండి అన్నమదేవుడు రాజ్యము వెదకుచు పోయిన దారినే, ఏడు శతాబ్దముల పిమ్మట ఓరుగల్లులో చదివిన యువకులు విప్లవము వెదకుచు పోయిరి. ఇరువురికిని బస్తరు ఒక ఆశ్రయము, ఒక క్షేత్రము. బస్తరు జనులకు తమ ఊరు తమ ఊరే.

ఇప్పుడు తుపాకుల మ్రోత తగ్గినకొలది కొత్త బడులు కట్టబడుచున్నవి, మూతబడినవి తెరువబడుచున్నవి. యుద్ధకాలమున తేలిక పలకలతో, వెదురుతో కట్టిన ఆశ్రమ పాఠశాలలలో ఒక తరము పిల్లలు అక్షరములు దిద్దిరి. ఇది సంతోషింపదగినది. కాని 1910 నాటి ప్రశ్న తీరలేదు. ఆ బడి ఎవ్వరిది? దాని స్థలమును ఎవ్వరు నిర్ణయించిరి? దానిలో వినబడు భాష ఏది? 2011 లెక్కల ప్రకారము దేశమున గోండీ మాతృభాషగా గలవారు 29 లక్షల 84 వేలు. 2003లో సంతాలీ, బోడో భాషలకు రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో చోటు దొరకెను, గోండీకి దొరకలేదు. 1996 నాటి పంచాయతీ విస్తరణ చట్టము గ్రామసభకు, 2006 నాటి అటవీ హక్కుల చట్టము అడవిబిడ్డకు అధికారములు ప్రసాదించినవి. అడుగకుండ ఏమియు చేయరాదను సూత్రము ఈ చట్టములకు ప్రాణము. మురియా దర్బారునందు శతాబ్దమునకు పూర్వమే ఉన్న సూత్రమది.

తెలుగు రచయితలకు ఈ చరిత్రలో ప్రత్యేకమైన బాధ్యత యున్నది. తెలుగు సాహిత్యమున గోదావరి ఆవలి అడవి చిరకాలముగ కలదు. కొందరికది ప్రకృతి శోభ, మరికొందరికి పోరాట భూమి. ఆ శోభలోను, ఆ పోరాటములోను మాడియా మనుష్యుడు ఎక్కువగా ఒకరి వాక్యములో పాత్రయే గాని తన వాక్యమునకు కర్త కాలేదు. అతని భాషలో కన్ను కన్నే, మూడు మూడే. ఆ భాష నేర్చుట తెలుగువానికి ఇతరులకంటె సులభము. నది దాటి వచ్చి భద్రాచల మన్యములో తలదాచుకొన్న కుటుంబముల పిల్లలు తెలుగు బడులలో చదువుచున్నారు. వారి అమ్మమ్మల కథలు ఇంకను గోండీలోనే ఉన్నవి. వాటిని వారి నోట విని, వారి పేరిట, వారి భాషలోను తెలుగులోను ప్రకటించుట చేయదగిన పని. బడి ఊరివారిదైననాడు దానికి కావలివారితో పనిలేదని మార్లవాయి చూపెను. బస్తరునందు అట్టి బడి నిలుచుటకు ప్రభుత్వము స్థలము, ధనము ఇయ్యగలదు; ఊరివారిని అడుగుట, వారు చెప్పినది వినుట మాత్రము మనుష్యులే చేయవలెను.